బుగ్గలో బెల్లం ముక్క

నవ్వొస్తే నా కుడిచెయ్యి తనంతట తానే నోటి మీదికి పోతుంది. చెయ్యి ఖాళీ లేకపోతే కొంగు పోతుంది. నెత్తిన ఆకు మోపు ఉంటే తల పక్కకు తిరుగుతుంది. నా ముందు పళ్ళలో ఒకటి లేదు, దాని పక్కది సగమే ఉంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం చిన్నప్పుడే నేర్చుకున్నాను, ఇప్పటికీ వదల్లేదు. అందుకే కూతురు పుట్టినప్పుడు నేను పెద్ద పెద్ద మొక్కులేవీ మొక్కలేదు. దీని చెయ్యి నోటి మీదికి పోకూడదు అనుకున్నాను, అంతే. చదువూ ఉద్యోగమూ తర్వాత చూసుకోవచ్చు, ముందు ఇది నోరు తెరిచి నవ్వాలి. ఈ ఒక్కదాని కోసం మా ఇంట్లో నేను ఎందరితో పోట్లాడానో చెబితే, పంటి కోసం ఇంత రచ్చా అంటారు. అవును, పంటి కోసమే.

నేను పుట్టింది కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో, గని కార్మికుల లైను ఇంట్లో. ఒక గది, ముందు చిన్న వసారా, లైనుకంతా ఒకటే కొళాయి. మా నాయన గనిలో దిగేవాడు. షిఫ్టు ముగించుకుని వచ్చేటప్పుడు దారిలో అంగడి దగ్గర ఆగి నాకు కమ్మర్‌కట్టు కొనేవాడు. బెల్లం పాకంలో కొబ్బరి కలిపి కట్టిన నల్లటి ఉండ అది, గోలీకాయంత ఉంటుంది. కొరికితే దవడలు పట్టేస్తాయి కాబట్టి ఎవరూ కొరకరు, బుగ్గలో పెట్టుకుంటారు. ఎంతసేపు కరగకుండా ఉంటే అంత మంచి సరుకు అని లెక్క. నేనూ ఎదురింటి క్రైస్తవుల పిల్లా ఎవరిది ఎక్కువసేపు నిలుస్తుందో చూద్దామని పందెం వేసుకునేవాళ్ళం. ఎప్పుడూ నేనే గెలిచేదాన్ని. నేను బుగ్గలో పెట్టుకునే నిద్రపోయేదాన్ని మరి.

మొదట వెనక దవడ పళ్ళు పుచ్చాయి, తర్వాత ముందువి. లైన్లో పిల్లలు తమిళంలో "సొత్తపల్లు" అని పిలిచేవాళ్ళు. అంటే పుప్పిపళ్ళది అని. మా ఊళ్ళో ఏ జబ్బు వచ్చినా గని వెనక బంగారం తీసేసిన మన్ను పోసిన సైనైడు దిబ్బల దుమ్మునే తిట్టడం అలవాటు. దగ్గొచ్చినా దుమ్మే, కళ్ళు మండినా దుమ్మే. నా పళ్ళను కూడా ఆ దిబ్బల ఖాతాలోనే వేశారు. గాలికాలంలో ఆ బూడిదరంగు పొడి అన్నం కంచాల్లో కూడా పడేమాట నిజమే. కానీ నా పళ్ళు తిన్నది దుమ్ము కాదు. ఆ సంగతి మా లైన్లో ఒక్కరికీ తట్టలేదు, మా అమ్మకు కూడా.

ముందు పన్ను పీకించిన రోజు నాకు బాగా గుర్తుంది. మత్తు పట్టకముందే లాగేశాడు పళ్ళ డాక్టరు. నేను అరిచిన అరుపుకు బయట బెంచీ మీద వాళ్ళు లేచి వెళ్ళిపోయారట. ఇంటికి తిరిగి వస్తూ మా అమ్మ, "నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకో పాపా, ఏమీ కనిపించదు" అంది. ఓదార్పుగానే అంది. పళ్ళు ఇంక పోకుండా ఏం చేయాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. పోయినదాన్ని దాచుకోవడం మాత్రం ఆమెకు తెలుసు, తెలిసిందే నేర్పింది.

గని మూతపడ్డాక మా నాయన పొద్దున రైలెక్కి బెంగళూరుకు వాచ్‌మన్ పనికి పోయేవాడు. అప్పుడూ జేబులో కమ్మర్‌కట్టు తేవడం మానలేదు. ఆయన మీద నాకు కోపం లేదు. బిడ్డ మీద ప్రేమ చూపించడానికి ఆ మనిషికి దొరికింది అదే. నా కోపమంతా "పండ్లంటే అంతే, పోతాయి" అనే మాట మీద. ఆ మాట ఎవరి నోట విన్నా ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నన్ను పెళ్ళిచూపులు చూసుకోవడానికి రాయల్పాడు పక్క పల్లె నుంచి వచ్చినప్పుడు, నోరు తెరవొద్దని మా అమ్మ ఒట్టు వేయించుకుంది. అడిగినదానికల్లా తలూపాను. కాఫీ ఇచ్చి తల దించుకుని కూర్చున్నాను. ఈ కాలంలో ఇంత నోరులేని పిల్ల యాడ దొరుకుతాదని మా అత్త సంబరపడి, అక్కడే ఖాయం చేసుకుంది. పెళ్ళయ్యాక నేను నోరు తెరిచాను. పన్ను లేని సంగతి, నోరు ఉన్న సంగతి ఆమెకు ఒకేసారి తెలిశాయి.

మా అత్తగారిది పట్టుపురుగులు పెంచే ఇల్లు. కొంచెం మామిడి, రెండు ఆవులు, మిగిలిన పొలమంతా మల్బరీ. పురుగుల కోసం ఇంటి పక్కనే వేరే ఇల్లు కట్టారు. మా వైపు అందరూ చేసినట్టే అందులో తట్టల మీద పురుగులు పెంచి, ఆకు కోసి వేసి, గూళ్ళు కట్టాక మార్కెట్టుకు తీసుకుపోతారు. ఏడాదికి ఐదారు పంటలు వస్తాయి. పురుగు ఇంట్లో ఉన్నన్ని రోజులూ మనుషులు పురుగు చెప్పినట్టు బతకాలి. వాసన తగిలితే పురుగు చచ్చిపోతుందని అందరికీ భయం. మల్లెపూలు పెట్టుకోకూడదు, పౌడరు పూసుకోకూడదు, అగరుబత్తి వెలిగించకూడదు, ఎండుమిరపకాయ తాలింపు వేయకూడదు. ఇవన్నీ నేను ఒప్పుకున్నాను. పొయ్యేది మల్లెపూలే కదా.

అన్నిటికంటే కష్టమైన నియమం మా అత్తదే. ఆమెకు ఆకూ వక్కా, అందులో పొగాకు లేకపోతే పొద్దు గడవదు. కానీ పొగాకు పురుగుకు నిజంగానే విషం. నమిలిన చెయ్యి ఆకును తాకినా చాలు, తట్టలు తట్టలే పోతాయి. అందుకని పురుగులు వచ్చిన రోజే ఆమె పొగాకు పొట్లం తీసి అటక మీద పారేసేది. గూళ్ళు మార్కెట్టుకు పోయేదాకా మళ్ళీ దాని ముఖం చూసేది కాదు. ఆ పట్టుదలకు నేను ఇప్పటికీ దండం పెడతాను. అయితే నోరు ఊరుకోదు కదా. పొగాకు ఉండాల్సిన చోట, బుగ్గలో ఒక బెల్లం ముక్క పెట్టుకునేది. ఒకటి కరిగితే ఇంకొకటి. పనిచేస్తూ, ఆవుకు మేత వేస్తూ, పడుకుని కూడా. మా పల్లెలో పొగాకు నమిలే ఆడవాళ్ళంతా పురుగుల కాలంలో ఇదే పని చేస్తారు. ఎవరింట చూసినా బుగ్గ పక్కకు ఉబ్బి ఉంటుంది.

నా కూతురికి నడక వచ్చినప్పటి నుంచి అవ్వ ఒడే దాని ఇల్లు. నేను ఆకు కోతకు పోతే అవ్వ దగ్గరే. అవ్వ బెల్లం డబ్బా తీసినప్పుడల్లా ఇది చెయ్యి చాపేది. అవ్వకొక ముక్క, మనవరాలికొక ముక్క. ఇద్దరూ బుగ్గలు ఉబ్బించుకుని ఎదురెదురుగా కూర్చుంటే ఊరంతా ముద్దుగా చూసేది. నాకు మాత్రం కమ్మర్‌కట్టు గుర్తొచ్చేది. వద్దని చెప్తూనే ఉన్నాను. నా మాట ఎవరు విన్నారు?

దానికి అయిదేళ్ళు నిండుతున్నప్పుడు ఒక పొద్దున దవడ కుండలా వాచింది. జ్వరం. పిల్ల ఏడవడానికి కూడా నోరు తెరవలేకపోయింది. మామిడికాయల కాలం. శ్రీనివాసపురం దారంతా కాయల లారీలు. మా ఇంటాయన బండి మీద వాటి సందుల్లో నుంచి పోతుంటే, వెనక పిల్లను ఒళ్ళో పెట్టుకుని నేను దారి పొడుగునా అందరినీ తిట్టుకుంటూ పోయాను. లారీలను, బెల్లాన్ని, మా అత్తను, చివరికి నన్ను.

పళ్ళ డాక్టరమ్మ చిన్న వయసుది. నోరు తెరిపించి లైటు వేసి చూసి, "ఏమేమి తింటాది?" అని అడిగింది.

"రాగిముద్ద, అన్నం, పాలు" అన్నాను.

"మధ్యలో?"

మా ఇంటాయన నేల చూపులు చూశాడు.

"బెల్లం" అన్నాను. "బుగ్గలో పెట్టుకుంటాది."

"ఎంతసేపు?"

"పొద్దంతా."

ఆమె తిట్టలేదు. ఒక మాట చెప్పింది, అది నా తలలో మేకులా దిగిపోయింది. బెల్లం ఎంత తిన్నామన్నది కాదు, ఎన్నిసార్లు, ఎంతసేపు అన్నదే పంటికి లెక్క అంది. అన్నంతోపాటు ఒక ముక్క తిని నోరు పుక్కిలిస్తే నోరు తేరుకుంటుంది. అదే ముక్కను పొద్దంతా నానబెట్టుకుంటే పంటికి తెరిపే ఉండదు. పొద్దున తోముకున్నా రాత్రి తోముకోకుండా పడుకుంటే, తిన్నదంతా తెల్లారేదాకా పళ్ళ మీదే ఉంటుంది. నిద్రలో ఉమ్మి కూడా తక్కువ ఊరుతుంది కాబట్టి కడిగే దిక్కుండదు. ఇంత చిన్న సంగతి. మా అమ్మకు ఎవరైనా ఇది చెప్పి ఉంటే నేను ఈనాడు చెయ్యి దించి నవ్వేదాన్ని.

రెండు పాలపళ్ళు పీకాల్సి వచ్చింది. పిల్ల కాళ్ళు నేను పట్టుకున్నాను. మత్తు బాగానే పట్టింది, అయినా భయానికి అరిచింది. ఆ అరుపు నాదే అనిపించింది. తర్వాత డాక్టరమ్మ అద్దం పెట్టి వెనక దవడ చిగురులో తెల్లగా కనిపిస్తున్న మొనను చూపించింది. "ఇది పాలపన్ను కాదమ్మా. బతుకంతా ఉండేది. ఏ పన్నూ ఊడకుండానే వెనక పక్క వస్తాది, అందుకే అందరూ పాలపన్నే అనుకుని వదిలేస్తారు. ఇట్లాంటివి నాలుగు వస్తాయి. వీటిని కాపాడుకోండి" అంది.

ఇంటికి వచ్చాక మా అత్త వాకిట్లోనే, "పాలపండ్లే కదమ్మా, ఊడిపొయ్యేటివే. దానికి అంత దూరం ఏంటికి ఎత్తకపోతిరి?" అంది. నేను పిల్లను దించి లోపలికి పోయి బెల్లం డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"అత్తా, పొగాకు తగిల్తే పురుగు సచ్చిపోతాదని పొగాకు మానేస్తావు నువ్వు. ఊరంతా చూస్తాండాది నీ నిష్ఠ. పురుగు కోసం మానినదానివి, మనమరాలి కోసం బెల్లం మానలేవా?"

"పొగాకు మానినాననే కదమ్మా బెల్లం పెట్టుకునేది! రెండూ మానేసి నేనేమి గోడ నాకల్లా?"

"నువ్వు పెట్టుకో. దానికి పెట్టొద్దు."

"అది చెయ్యి చాపితే లేదంటానా? నేను దానికి అవ్వనా, జప్తుకొచ్చే అమీనునా?"

మా అత్త మాటకు నాకు నవ్వొచ్చింది. చెయ్యి నోటి మీదికి పోయింది. ఆ చేతిని చూసుకున్నాక నవ్వు ఆగిపోయింది.

ఆ రోజు నుంచి ఇంట్లో నా చట్టం వచ్చింది. తీపి కావాలంటే అన్నంతోనే, తిన్న వెంటనే నోరు పుక్కిలించాలి. బెల్లం మీద నాకేమీ పగ లేదు. ఉగాదికి ఒబ్బట్లు నేనే చేస్తాను, తిన్నన్ని పెడతాను. చుట్టాలు బిస్కెట్లు తెస్తే డబ్బాలోకి పోతాయి. బళ్ళో ఎవరి పుట్టినరోజుకు చాక్లెట్టు ఇచ్చినా జేబులో ఇంటికి రావాలి, అన్నం తిన్నాక నోట్లోకి పోవాలి. రాత్రి అన్నం అయ్యాక నీళ్ళ తొట్టి దగ్గర కూర్చోబెట్టి, బ్రష్ మీద శనగ్గింజంత పేస్టు పెట్టి నేనే తోముతాను. ముందరివి, వెనకవి, లోపల పక్క, నమిలే పక్క. ఆ తర్వాత పడుకునేదాకా నీళ్ళు తప్ప ఏమీ లేదు.

"ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అన్నారు పక్కింటి వాళ్ళు. బిడ్డకు చాక్లెట్టు ఇస్తే లాక్కుంటుంది, సవతి తల్లి మాదిరి ఉండాది అన్నారు. అననీ అనుకున్నాను. నేను ఏడ్చినప్పుడు వీళ్ళెవరూ వచ్చి నా దవడ పట్టుకోలేదు.

అసలు యుద్ధం పేస్టు దగ్గర వచ్చింది. పొద్దున తోముకుంటే ఎండకూ గాలికీ వాసన పోతుందని పురుగుల ఇళ్ళలో ఊరుకుంటారు. రాత్రి తోమడం అంటే వేరే సంగతి. పురుగులున్న రోజుల్లో పిల్లకు పెందలాడే అన్నం పెట్టి, సాయంత్రం ఆఖరు ఆకు వేసే ముందే పళ్ళు తోమేదాన్ని. తర్వాత చేతులు కడుక్కుని పురుగుల ఇంట్లోకి పోయేదాన్ని.

"ఏమ్మా, ఆ పిప్పర్మెంటు వాసన ఏంటికి? పురుగు నాలుగో జ్వరం లేసి ఉండాది" అని అరిచింది మా అత్త. పురుగు పొర విడవడానికి మేత మాని పడుకోవడాన్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగోది లేచాక వారం రోజులు అది రాక్షసంగా తింటుంది. పంటకు అదే ప్రాణం.

"పేస్టు పిల్ల నోట్లో పెట్టినాను గానీ పురుగు నోట్లో పెట్టలేదు అత్తా."

"పోతాది చూడు పంట. నీ పంటి పిచ్చికి పోతాది."

ఖర్మకు ఆ పంట పోయింది. అకాలంగా వాన పట్టుకుంది. ఆకు తడిసింది. ఆరబెట్టే చోటు లేక తడి ఆకే వేశాం. పురుగులు ఉబ్బి, పచ్చబడి, తట్ట అంచుల వెంబడి తిక్కగా తిరగడం మొదలుపెట్టాయి. ముట్టుకుంటే పాలలాంటి నీరు కారి చచ్చేవి. దాన్ని హాలుతొండె రోగం అంటారు మా వైపు. తట్టలకు తట్టలు గుంట తీసి పూడ్చాం. ఆ రోజు మా అత్త ఏడ్చింది, నేనూ ఏడ్చాను. అంత చాకిరీ మట్టిలో కలిసింది మరి. ఏడుపు అయ్యాక ఆమె కళ్ళు తుడుచుకుని, అందరూ వినేటట్టు, "ఈమె బ్రష్షే తినేసింది పంటను" అంది.

నాలుగిళ్ళ అవతల వాళ్ళ పంట కూడా అదే రోగంతో పోయింది. వాళ్ళింట్లో రాత్రి పళ్ళు తోముకునే అలవాటు ఎవరికీ లేదు. ఆ మాట అన్నాను. వినేవాళ్ళుంటే కదా.

మా ఇంటాయన మంచివాడే. మంచివాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. ఇంట్లో గొడవ ఆగాలంటే ఎవరు సర్దుకుపోతారో వాళ్ళ దగ్గరికే వస్తారు. పక్కన కూర్చుని మెల్లగా, "వచ్చే పంట ఒక్కదానికి మటుకు రాత్రి తోమేది ఆపు. సుమ్నే, ఊరికే జగడం ఏంటికి? అమ్మ బేజారు పడతాండాది" అన్నాడు.

"నీ కూతురి పన్ను పంట కాదప్పా, ఈ తూరి పోతే ఇంగో తూరి వేసుకునేదానికి" అన్నాను.

ఆయన లేచి పోబోయాడు. నేను పోనివ్వలేదు. "ఇంగోటి విను. నేను సాయంత్రం పురుగుల ఇంట్లోకి రాను. నా వాసన తగలొద్దు కదా, తగలదు. పొద్దున ఆకు అంతా నేనే కోస్తాను, మోపులు నేనే మోస్తాను. సాయంత్రం ఆకు నువ్వూ మీ తమ్ముడూ వేసుకోండి. నేను నా బిడ్డకు పండ్లు తోముతాను."

అట్లాగే చేశాను. ఆకు కోత తేలిక పని కాదు. మంచు ఆరకముందే తోటలో ఉండాలి. చేతులకు కొడవలి గీతలు, నెత్తి మీద మోపు, మెడ నొప్పి. ఇద్దరు చేసే కోత ఒక్కదాన్నే చేశాను. సాయంత్రం ఒళ్ళంతా పచ్చి పుండులా ఉన్నా తొట్టి దగ్గర కూర్చుని పిల్ల నోరు తెరిపించేదాన్ని. అది ఒక్కోసారి ఏడ్చేది, బ్రష్ కొరికేది, నా వేలు కొరికేది. కొన్నిరోజులు నిద్రపోతున్నట్టు నటించేది. నేను దాని కంటే మొండిదాన్ని.

ఆ పంట బాగా వచ్చింది. "చూసినారా, ఈమె లోపలికి రాలేదు, పంట వచ్చింది" అని మా అత్త ఊరంతా చెప్పింది. వాన పడలేదని నేనూ ఊరంతా చెప్పాను. ఊరికి మంచి కాలక్షేపం.

తర్వాతి పంట మళ్ళీ మామిడికాయల కాలంలో పడింది. కూలివాళ్ళంతా తోటల్లో కాయ కోతకు పోయారు. మా మరిది కూడా లారీలతో ముళబాగిలు వైపు పోయి రెండు మూడు రోజులకు గానీ వచ్చేవాడు కాదు. నాలుగో జ్వరం లేచిన పురుగు ఆకు, ఆకు అని తట్టలు ఖాళీ చేస్తూ ఉంది. వేసే చేతులు లేవు. సాయంత్రం నేను తొట్టి దగ్గర పిల్లను కూర్చోబెట్టుకుని ఉంటే, మా అత్త పురుగుల ఇంటి గడపలో నిలబడి పిలిచింది.

"రామ్మా, ఆకు వెయ్యి. వాడు ఒక్కడే తట్టుకోలేకపోతాండాడు."

"పాపకి పండ్లు తోమతాండా."

ఆమె వెనక్కి తిరిగి ఖాళీ తట్టల వైపు చూసింది. లోపల మా ఇంటాయన దగ్గు వినిపించింది.

"తోమేసి రా" అంది.

తోమాను. తొందరపడలేదు, రోజూ తోమినంతసేపే తోమాను. సబ్బు వాసన కూడా తగలకుండా వట్టి నీళ్ళతో మోచేతుల దాకా కడుక్కుని, చీర మార్చుకుని లోపలికి పోయాను. పంట అయ్యేదాకా రోజూ అట్లాగే పోయాను. పురుగు తిన్నది, ఏ రోగమూ పడలేదు, పసుపు తిరిగి గూడు కట్టింది. వాసన గురించి మా అత్త మళ్ళీ ఒక్క మాట అనలేదు. నేనూ ఎత్తలేదు. గెలిచాక ఊరుకోవడం నాకు అలవాటు లేని పని, అయినా ఊరుకున్నాను.

బెల్లం డబ్బా సంగతి కూడా చెప్పాలి. ఒకరోజు మధ్యాహ్నం నేను తోట నుంచి వచ్చేసరికి పిల్ల అవ్వ ఒళ్ళో కూర్చుని చెయ్యి చాపి ఉంది. అవ్వ బుగ్గ ఉబ్బి ఉంది. "ముద్ద తిన్నాక ఇస్తానే. మీ అమ్మ వచ్చిందంటే నా గొంతు పిసుకుతాది" అంటోంది. నేను తలుపు చాటునే నిలబడి, వినపడనట్టు వెనక్కి పోయాను.

ఏడో ఏడు వచ్చింది. పిల్లకు ముందు పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చాయి. రోజూ వేలుపెట్టి చూసుకుంటూ ఎదురుచూశాం. వచ్చినవి తెల్లగా లేవు. అడ్డంగా గోధుమరంగు చారలు. ఇన్ని సాయంత్రాలు, ఇంత తగవు, చివరికి ఇదా?

"చూస్తివా?" అంది మా అత్త. "నీ పేస్టు చేసిన పని."

బూడిదతో రుద్దమని ఒకరు, ఇటుకపొడితో రుద్దితే పోతాదని ఒకరు చెప్పారు. ఇటుకపొడి చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ ముందు డాక్టరమ్మ దగ్గరికే పోయాను. ఆమె లైటు వేసి పన్ను పన్నూ గీకి చూసింది. వెనక దవడల్లో ఆ నాలుగూ పూర్తిగా పైకి వచ్చి ఉన్నాయి.

"ఒక్క పుప్పి లేదు" అంది. "ఈ మరక మీ బోరు నీళ్ళది. ఈ జిల్లాలో చానా ఊర్లలో పిల్లలకు ఇట్లే ఉండాది. చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే పడిపోయింది, రుద్దితే పోదు. ఇటుకపొడితో రుద్దినారంటే ఉన్న పన్ను అరిగిపోతాది. తాగేదానికి ఫిల్టరు నీళ్ళు వాడండి. తోమేది మటుకు ఆపొద్దు."

బస్సులో తిరిగి వస్తూ నేను బాగా ఆలోచించాను. మరక మా నీళ్ళది. వెయ్యి అడుగుల లోతు నుంచి తోడుకుంటున్న నీళ్ళను నేను ఒక్కదాన్నే మార్చలేను. పుప్పి మాత్రం మా అలవాటుది. దాన్ని మార్చాను. నన్నెవరూ మెచ్చుకోకపోయినా నాకు అక్కర్లేదు. నా పిల్ల నోట్లో ఆ నాలుగు పళ్ళు ఉన్నాయి.

ఈమధ్య గూళ్ళు బాగా వచ్చిన రోజు, మా మరిది ఫోను తీసి అందరినీ వాకిట్లో నిలబెట్టాడు. వెనక చంద్రికలు, అంటే పురుగు గూడు అల్లుకునే వెదురు చాపలు, వాటి నిండా పసుపురంగు గూళ్ళు. మా అత్త ఒక పక్క, మా ఇంటాయన ఒక పక్క, మధ్యలో నేనూ పిల్లా. పిల్ల ఇంత నోరు తెరిచి నవ్వింది.

"పాపా, నోరు మూసుకోవే, పండ్లు నల్లగా పడతాండాయి" అన్నాడు మా మరిది. "వదినా, దానికి చెప్పు. నువ్వు చూడు, ఎంత లక్షణంగా మూసుకున్నావో."

నా చెయ్యి అప్పటికే నోటి మీద ఉంది. ఎప్పుడు పోయిందో నాకే తెలియదు.

పిల్ల నా చేతి వైపు చూసింది, వాళ్ళ చిన్నాయన వైపు చూసింది. "ఏంటికి మూసుకోవాల? ఇవి నేను తోముకున్న పండ్లు" అంది.

"దాని పండ్లకేమిరా?" అంది మా అత్త, బుగ్గలో బెల్లం పక్కకు నెట్టుకుంటూ. "అన్నీ ఉండాయి కదా. సుమ్నే తియ్యి నువ్వు."

నేను చెయ్యి దించాను. ముప్పై ఏళ్ళు దాటిన అలవాటు కదా, దించడానికి బలం కావాల్సి వచ్చింది. మా పిల్ల మాటకు వచ్చిన నవ్వు ఇంకా నోట్లోనే ఉంది. దాన్ని అట్లాగే నవ్వేశాను. ఆ ఫోటోలో నా పన్ను లేని సందు కనిపిస్తుంది, దాని చారల పళ్ళు కనిపిస్తాయి. మా మరిది దాన్ని తీసేసి ఇంకోటి తీస్తానన్నాడు. తీసేస్తే ఫోను నీళ్ళ తొట్టిలో వేస్తానన్నాను.